ఏ పరీక్షలు కావాలో మీ లేఖలోనే ఉంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చింది. కొన్నాళ్లు ఇన్సులిన్ తీసుకున్నాను. కాన్పు కాగానే తగ్గిపోయింది. ఆ అమ్మాయికి ఇప్పుడు 17 ఏళ్లు. ఆ తర్వాత నా కోసమని ఎప్పుడూ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఏ బాధా లేదు కాబట్టి అవసరమూ రాలేదు. ఈమధ్య నా స్నేహితురాలు అరవైకి పైగా పరీక్షలున్న హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకుంది. అందులో క్యాన్సర్‌కు సంబంధించిన ఏదో సంఖ్య ఎక్కువగా ఉందని స్కానింగుల మీద స్కానింగులు చేశారు. చివరికి ఏమీ లేదన్నారు గానీ, అన్నాళ్లూ తనకు కంటి మీద కునుకు లేదు. అయినా నన్నూ చేయించుకోమంటోంది. మా అమ్మకు 49వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చి చికిత్సతో నయమైంది. ఇప్పుడు బాగానే ఉంది. పెద్దమ్మ కూడా ఏదో ఆడవాళ్ల క్యాన్సర్‌తోనే పోయిందంటారు. నాకు కొంతకాలంగా నెలసరి క్రమం తప్పింది. వచ్చినప్పుడు ఎనిమిది, తొమ్మిది రోజులు ఎక్కువగా పోతోంది. వయసు కదా, సహజమే అనుకుంటున్నాను. కాస్త నీరసం. లోపలి పరీక్షలంటే నాకు సిగ్గు, భయం. ఈ వయసులో నాకు నిజంగా ఏ పరీక్షలు అవసరం? ప్యాకేజీ చేయించుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ఏ బాధా లేదని రాసిన మీరే, కొన్ని వాక్యాల తర్వాత ఎనిమిది, తొమ్మిది రోజుల రక్తస్రావం గురించి రాశారు. మాటవరసకు చెప్పినట్టు రాశారు గానీ, అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. ముందస్తు పరీక్షలనేవి ఏ లక్షణమూ లేనివారిలో దాగి ఉన్న జబ్బును వెతకడానికి. లక్షణం కనిపించాక చేసేది దాని కారణం తేల్చే పరీక్ష. ఈ రెండూ వేరు. రక్తస్రావం అధికంగా ఉన్న మనిషి ప్యాకేజీ చేయించుకుని, అందులో అన్నీ బాగున్నాయని ఊరుకుంటే అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అందుకే మీ మొదటి అడుగు ల్యాబ్ వైపు పడకూడదు, గైనకాలజిస్టు దగ్గరికి పడాలి. వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్లండి.

నలభైల మధ్యలో నెలసరి క్రమం తప్పడం సహజమే, ఆ మాట నిజం. అండం విడుదల సక్రమంగా జరగని నెలల్లో ప్రొజెస్టిరాన్ హార్మోను తగినంత తయారు కాదు. దాంతో గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఆలస్యంగా, ఎక్కువగా ఊడిపోతుంది. ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం కూడా ఇలాంటి రక్తస్రావానికి కారణం కావచ్చు. చాలామందిలో కారణం వీటిలోనే దొరుకుతుంది. కానీ లోపలి పొరలో క్యాన్సర్‌కు దారితీసే మార్పులు, అరుదుగా క్యాన్సర్ కూడా, మొదట ఇదే రూపంలో బయటపడతాయి. అందుకే 45 ఏళ్లు దాటినవారిలో అసహజ రక్తస్రావం ఉంటే స్కానింగుతో పాటు ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలని (దీన్నే బయాప్సీ అంటారు) డాక్టర్లు సూచిస్తారు. చాలామందికి దీనికి మత్తు కూడా అవసరం లేదు. కాసేపు నెలసరి నొప్పిలాంటి నొప్పి ఉంటుంది. నెలసరి ఏడు రోజులు దాటినా, రెండు నెలసరుల మధ్య రక్తం కనిపించినా, కలయిక తర్వాత కనిపించినా వయసు మీదికి నెట్టేయకూడదు. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలి.

నీరసానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. గర్భిణి కాని స్త్రీలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. అయితే హిమోగ్లోబిన్ పడిపోవడానికి చాలా ముందే శరీరంలోని ఇనుము నిల్వలు అడుగంటుతాయి. కాబట్టి రక్త పరీక్షతో పాటు ఆ నిల్వలను చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి. థైరాయిడ్ పరీక్ష ప్రతి ఆరోగ్యవంతురాలికీ ఏటా చేయాల్సిన పని లేదు. మీకు రక్తస్రావం, నీరసం రెండూ ఉన్నాయి కాబట్టి టీఎస్‌హెచ్ ఒకసారి చూడటం సబబు.

ఇక కాన్పు కాగానే తగ్గిపోయిందన్న షుగరు సంగతి. మీ లేఖలో నన్ను బాగా కలవరపెట్టిన వాక్యం ఇదే. గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందరు గర్భిణుల్లోనూ ఇది జరుగుతుంది. క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి నెగ్గుకొస్తే షుగరు రాదు. నెగ్గుకురాలేకపోతే వస్తుంది. కాన్పుతో మాయ బయటికి వచ్చేస్తుంది కాబట్టి ఆ అడ్డంకి తొలగి, షుగరు తగ్గుతుంది. క్లోమానికి ఉన్న శక్తి పరిమితమన్న సంగతి మాత్రం అలాగే ఉంటుంది. గర్భంలో షుగరు వచ్చినవారికి తర్వాతి జీవితంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, రానివారితో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. అందుకే కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లోపు ఒకసారి, ఆ తర్వాత జీవితాంతం ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలన్నది నియమం. బిడ్డ చేతికి వచ్చాక ఆ మాట తల్లికి ఎవరూ గట్టిగా చెప్పకపోవడం, చెప్పినా బాలింతగా ఆమెకు వెళ్లే తీరిక లేకపోవడం నేను చాలా ఎక్కువగా చూస్తుంటాను. 17 ఏళ్లు గడిచాయని దిగులు పడకండి. ఇప్పుడు చేయించుకున్నా ప్రయోజనం తక్కువేమీ కాదు.

ఇక్కడ మీ విషయంలో ఒక చిక్కుంది. ప్యాకేజీల్లో షుగరు కోసం సాధారణంగా హెచ్‌బీఏ1సీ చూస్తారు. అది ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెరను కొలుస్తుంది. ఇనుము లోపించి రక్తహీనత ఉంటే ఆ సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. రక్తం బాగా పోయి కొత్త కణాలు త్వరత్వరగా తయారవుతుంటే తక్కువగా రావచ్చు. రక్తస్రావం ఉన్న మీకు ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడకూడదు. పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటల తర్వాత మరోసారి రక్తంలో చక్కెర చూపించుకోండి. పరగడుపున 126, రెండు గంటలకు 200, లేదా అంతకంటే ఎక్కువ వస్తే మధుమేహం అని అర్థం. లక్షణాలేవీ లేకపోతే మరోసారి చేసి నిర్ధారిస్తారు. పరగడుపున 100 నుంచి 125, రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ.

ఆ ముందు దశ దొరకడాన్ని నేను అదృష్టంగానే చూస్తాను. 2002లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, ఈ దశలో ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్నారు. ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో మధుమేహంగా మారడం 58 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గుదల 31 శాతమే. మందు కంటే బరువు తగ్గడం, నడక బాగా పనిచేశాయని ఇంత స్పష్టంగా తేలిన సందర్భాలు వైద్యంలో ఎక్కువ లేవు.

గర్భంలో షుగరు వచ్చినవారికి గుండె జబ్బు ముప్పు కూడా కొంత పెరుగుతుంది. గర్భంలో బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చినవారికైతే ఆ ముప్పు దాదాపు రెట్టింపు. ప్రపంచవ్యాప్తంగా స్త్రీల మరణాలకు మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. క్యాన్సర్ అంటే వణికిపోయే మనం బీపీ చూపించుకోవడం మాత్రం మరిచిపోతాం. 40 దాటాక ఏడాదికి ఒక్కసారైనా బీపీ చూపించుకోవాలి. దాన్ని సరిగ్గా చూడటం కూడా ముఖ్యం. ఆయాసపడుతూ వచ్చి కూర్చోగానే చూస్తే ఆ సంఖ్యకు విలువ లేదు. మూత్రానికి వెళ్లి వచ్చి, అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో దేనిమీదైనా ఆనాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. పట్టీని చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీదే చుట్టాలి. 140/90 లేదా అంతకంటే ఎక్కువ వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే అది రక్తపోటే. కొన్ని దేశాల్లో 130/80 నుంచే జాగ్రత్త మొదలుపెట్టమంటున్నారు. షుగరు కోసం రక్తం ఇచ్చిన రోజే కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. ఇంకో విషయం గుర్తుంచుకోండి. గుండెపోటులో ఛాతీ నొప్పే ప్రధాన లక్షణమైనా, స్త్రీలలో దానితో పాటు, లేదా అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, అంతుచిక్కని అలసట కనిపించడం పురుషులలో కంటే ఎక్కువ. అలాంటప్పుడు గ్యాస్ అనుకుని పడుకోకూడదు.

సిగ్గు, భయం అన్నారు. వాటిని నేను తేలిగ్గా తీసుకోను. ఎందరో స్త్రీలను గర్భాశయ ముఖద్వార పరీక్షకు దూరంగా ఉంచుతున్నవి అవే. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడుస్తారు, నడుము కింద దుప్పటి కప్పుతారు. స్పెక్యులమ్ అనే పరికరంతో యోని గోడలను మెల్లగా వేరుచేసి, గర్భాశయ ముఖద్వారం మీద చిన్న బ్రష్ తిప్పి కణాలు తీస్తారు. ఒత్తిడి తెలుస్తుంది. కొందరికి చిరునొప్పి ఉంటుంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మహిళా డాక్టరు కావాలని అడగడం మీ హక్కు. చిన్న సైజు పరికరం వాడమని అడగొచ్చు. తోడు ఒకరిని ఉంచుకోవచ్చు. మధ్యలో ఆపమంటే ఆపాలి. అంతకు ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మందులు వద్దు. రక్తస్రావం ఎక్కువగా ఉన్న రోజుల్లో కాకుండా మిగతా రోజుల్లో వెళ్లడం మంచిది. అయితే మీకు అసలు రక్తస్రావం ఆగకపోతే దాని కోసం ఎదురుచూడకుండా వెళ్లండి.

ఈ పరీక్షకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, దాదాపు అన్ని ముఖద్వార క్యాన్సర్లకూ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. దీన్ని తేల్చిన హారాల్డ్ త్సూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి రెండేళ్లలోపే అదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందిలో కణాలు మారడం మొదలవుతుంది. అవి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు ఎక్కువ లేవు. ఆ గడువులో ఎప్పుడు కనిపెట్టినా, మారిన కణాలున్న భాగాన్ని తొలగించో, వేడితో నాశనం చేసో క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. అందుకే ఈ జబ్బుతో ఒక్క స్త్రీ చనిపోయినా నాకు బాధే. తీసిన కణాల్లో మార్పులున్నాయేమో చూసే పాప్ స్మియర్ అయితే మూడేళ్లకోసారి, హెచ్‌పీవీ పరీక్ష అయితే అయిదేళ్లకోసారి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష సిఫారసు చేస్తోంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇది 25 ఏళ్లకే మొదలవ్వాలి, మరింత తరచుగా జరగాలి. లోపలి పరీక్ష ససేమిరా వద్దనుకునేవారు హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్వయంగా తీసుకునే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఆ సంస్థ ఆమోదించింది. మీకు మాత్రం రక్తస్రావం ఉంది కాబట్టి డాక్టరు కళ్లతో చూడటం తప్పనిసరి.

హెచ్‌పీవీ పాజిటివ్ అని రిపోర్టు వస్తే కాపురాల్లో అనుమానాలు రేగుతాయి. ఆ వైరస్ ఎవరి ఒంట్లోనైనా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండిపోగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం సాధ్యం కాదు. ఆ కాగితం ఎవరి నడతకూ సాక్ష్యం కాదు. క్యాన్సర్ ఉందని కూడా దాని అర్థం కాదు. తర్వాతి పరీక్ష, అంటే ముఖద్వారాన్ని భూతద్దంలాంటి పరికరంతో చూసే కాల్పోస్కోపీ లేదా డాక్టరు చెప్పిన మరో పరీక్ష, చేయించుకోమని మాత్రమే అది చెబుతోంది.

అమ్మ విషయానికి వద్దాం. ఏ ముప్పూ లేని స్త్రీలకు మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల 50 నుంచి మొదలుపెడతారు. అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి అని సవరించింది. మీ పరిస్థితి వేరు. తల్లికి 50 లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి మీరు మామూలు ముప్పున్నవారిలోకి రారు. కుటుంబంలో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే పరీక్షలు మొదలుపెట్టాలన్నది చాలామంది డాక్టర్లు పాటించే లెక్క. ఆ లెక్కన మీకు 39వ ఏటే మొదలవ్వాలి. ఎంత తరచుగా అన్నది, ఏటా అవసరమా అన్నది, మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

ఆ మాటలు తేలడానికి ముందు పెద్దమ్మ గురించి తెలియాలి. "ఏదో ఆడవాళ్ల క్యాన్సర్" అన్న మాట సరిపోదు. అది రొమ్ముదా, అండాశయానిదా, గర్భసంచిదా, ముఖద్వారానిదా? ఎన్నో ఏట వచ్చింది? ముఖద్వారానిదైతే మీకు వంశపారంపర్య ముప్పు గురించి అది చెప్పేది దాదాపు ఏమీ లేదు. అండాశయానిదైతే మొత్తం లెక్క మారిపోతుంది. అక్కకు అండాశయ క్యాన్సర్, చెల్లెలికి 50 లోపు రొమ్ము క్యాన్సర్ అంటే, ఈ రెండు క్యాన్సర్లతోనూ ముడిపడిన బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉందేమో చూడాలి. ఆ మార్పు ఉన్న స్త్రీలలో పదిమందిలో ఆరుగురికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ బారిన పడతారు. అలాంటివారికి మామోగ్రామ్‌తో పాటు ఎంఆర్ఐ కూడా చేస్తారు. అండాశయాలను ముందే తొలగించుకోవడం గురించి కూడా ఆలోచించాల్సి వస్తుంది. జన్యు పరీక్షను వీలైతే ముందు అమ్మకు చేయడమే మేలు. జబ్బు వచ్చిన మనిషిలో ఆ మార్పు దొరికితే, దాన్నే మీలో వెతకవచ్చు. ఆమెలో ఏ మార్పూ లేకపోతే మీకూ కొంత స్పష్టత వస్తుంది. నాన్న వైపు కూడా వదిలిపెట్టకండి. ఈ జన్యువులు తండ్రి నుంచి కూడా అంతే సమానంగా వస్తాయి. మన ఇళ్లలో ఈ క్యాన్సర్ల గురించి గొంతు తగ్గించి మాట్లాడటం వల్ల, తర్వాతి తరం ఆడపిల్లలకు ఎంతో అవసరమైన సమాచారం పెద్దవాళ్లతోనే పోతోంది. అమ్మ బాగున్నారు కాబట్టి ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

మామోగ్రామ్‌లో రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఉంటుంది గానీ ఆ క్షణాలతోనే పోతుంది. నెలసరికి ముందు వారంలో రొమ్ములు సలుపుతుంటాయి కాబట్టి అప్పుడు కాకుండా నెలసరి తర్వాత వారంలో వెళ్లండి. ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వేసుకోకండి. వాటి రేణువులు ఫిల్మ్ మీద తెల్లని చుక్కల్లా కనిపించి తికమక పెడతాయి. మొదటిసారి చేయించుకున్నవారిని మరికొన్ని ఫిల్ములకో అల్ట్రాసౌండ్‌కో మళ్లీ పిలవడం మామూలే, పోల్చి చూడటానికి పాత ఫిల్ము ఉండదు కదా. అలా పిలిచిన వారిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా క్యాన్సర్ ఉండదు.

నెలనెలా అద్దం ముందు నిలబడి ఒక పద్ధతి ప్రకారం తడిమి చూసుకోవాలని ఒకప్పుడు అందరికీ నేర్పేవాళ్లం. షాంఘైలోని బట్టల మిల్లుల్లో పనిచేసే రెండున్నర లక్షలకు పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. అలా నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలు మాత్రం పెరిగాయి. కాబట్టి ఆ నెలవారీ తంతు చేయలేదని అపరాధ భావం అక్కర్లేదు. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉంటే చాలు. కొత్త గడ్డ, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తంతో కూడిన స్రావం, చంకలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా వెంటనే వెళ్లండి. మొన్ననే మామోగ్రామ్ బాగుందన్నారు కదా అని ఆగకండి. అది అన్ని క్యాన్సర్లనూ పట్టుకోలేదు. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవారిలో మరీ తప్పిపోతాయి.

మీ స్నేహితురాలికి ఏం జరిగిందో ఊహించగలను. అండాశయ క్యాన్సర్ కోసమని ప్యాకేజీల్లో సాధారణంగా ఉండే సీఏ 125 అనే రక్త పరీక్ష అయ్యుండొచ్చు. నెలసరి రోజుల్లో, ఫైబ్రాయిడ్‌లు ఉన్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉన్నా ఆ సంఖ్య పెరుగుతుంది. ఏ లక్షణాలూ లేని స్త్రీలకు ఆ పరీక్షతో, స్కానింగుతో అండాశయ క్యాన్సర్‌ను ముందే కనిపెట్టవచ్చా అని బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీల మీద ఏళ్ల తరబడి పరిశీలించారు. 2021లో వచ్చిన తుది ఫలితం ప్రకారం మరణాలు తగ్గలేదు. అందుకే మామూలు ముప్పున్నవారికి ఆ పరీక్ష వద్దంటున్నాం. పరీక్షలు ఎన్ని ఎక్కువ చేస్తే, ఏదో ఒకటి గీత దాటే అవకాశం అంత పెరుగుతుంది. అరవై పరీక్షల్లో పాప్ స్మియర్ ఉందో లేదో, మామోగ్రామ్ ఉందో లేదో చూడండి. చాలా ప్యాకేజీల్లో ప్రాణం కాపాడే ఆ రెండే ఉండవు. అండాశయాల విషయంలో కనిపెట్టుకుని ఉండాల్సింది లక్షణాలనే. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, తరచుగా మూత్రానికి వెళ్లాల్సిరావడం కొత్తగా మొదలై, నెలలో సగం రోజులు ఉంటే చూపించుకోవాలి.

పెద్దపేగు క్యాన్సర్ పరీక్షను కొన్ని దేశాల్లో 45 నుంచి, మరికొన్నిచోట్ల 50 నుంచి మొదలుపెడతారు. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని చూసే ఫిట్ పరీక్ష ఏటా చేసినా సరే, కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ పదేళ్లకోసారి చేసినా సరే. మీకు రక్తహీనత తేలి, దానికి నెలసరి ఒక్కటే కారణంగా తోచకపోతే ఇది త్వరపడాల్సిన పని. ఎముకల సాంద్రత పరీక్ష మీకు ఇప్పుడు అక్కర్లేదు. 65 ఏళ్లకు, లేదా నెలసరి ఆగిపోయాక ఎముక విరిగినా, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినా, 45 లోపే నెలసరి ఆగినా ఇంకా ముందుగా చేయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేనివారికి ఏటా విటమిన్ డి కొలవడం వల్ల ఒరిగేది లేదు.

మనసు గురించి మీరు రాయలేదు, నేనే అడుగుతాను. గత రెండు వారాల్లో చాలా రోజులు దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? ఈ రెండింటిలో ఒకదానికైనా అవును అయితే డాక్టరుకు చెప్పండి. నెలసరి ఆగబోయే ఈ సంవత్సరాల్లో కుంగుబాటు ముప్పు పెరుగుతుంది, దానికి చికిత్స ఉంది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడటం కూడా ఇలాగే ఎవరికీ చెప్పుకోకుండా భరించే బాధ. ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని మూడు నెలలు కటి కండరాల వ్యాయామం చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది.

అలవాట్ల గురించి అందరూ చెప్పేదే మళ్లీ చెప్పను. నడక చాలామంది చేస్తారు, బరువులు ఎత్తే వ్యాయామం మాత్రం స్త్రీలు దాదాపు ఎవరూ చేయరు. వారానికి 150 నిమిషాల నడకతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నెలసరి ఆగాక ఎముకలు వేగంగా పలచబడే ఏళ్లు వస్తాయి. వాటికి ముందే కండబలం కూడగట్టుకోవాలి. రక్తంలోని చక్కెరను వాడుకునేది కూడా ప్రధానంగా కండరాలే కాబట్టి మీకు ఇది రెండింతలు అవసరం. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు, ఏడు గంటల నిద్ర, పొగాకుకు, ఇతరులు వదిలే పొగకు కూడా దూరం. మద్యం కొద్దిగా తీసుకున్నా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మీ కుటుంబ చరిత్ర ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

మీ అమ్మాయికి 17 ఏళ్లన్నారు. హెచ్‌పీవీ టీకా వేయించి ఉండకపోతే ఇప్పుడు వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల వయసు శ్రేష్ఠం, 26 వరకూ వేయించుకోవచ్చు. వయసును బట్టి ఎన్ని డోసులో డాక్టరు చెబుతారు. టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు కాబట్టి పెద్దయ్యాక తను కూడా ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. తను కడుపులో ఉన్నప్పుడు మీకు షుగరు ఉండేదన్న సంగతి కూడా తనకు చెప్పండి. అలాంటి పిల్లలకు ముందు ముందు మధుమేహం ముప్పు కొంత ఎక్కువ. రేపు తను గర్భవతి అయినప్పుడు మొదటి చెకప్‌లోనే ఆ మాట డాక్టరు చెవిన వేయాలి.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: గత ఆరు నెలల్లో నెలసరి మొదలైన, ఆగిన తేదీలు, గుర్తున్నంత వరకు. గడ్డలుగా పోతోందా, రాత్రిళ్లు ప్యాడ్ మార్చాల్సి వస్తోందా. రెండో కాన్పులో షుగరు, ఇన్సులిన్ సంగతి. అమ్మకు జబ్బు వచ్చిన వయసు, పెద్దమ్మ వివరాలు. వాడుతున్న మందులు, మూలికా మందులతో సహా. ముఖద్వార పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదని మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు పరగడుపున మరో రోజు వెళ్లొచ్చు. మామోగ్రామ్‌కు తేదీ అప్పుడే తీసుకోండి.

చివరిగా, బయాప్సీ, పాప్ స్మియర్, మామోగ్రామ్ ఏది చేయించుకున్నా రిపోర్టు ఎప్పుడు వస్తుందో, ఎవరిని అడగాలో అక్కడే కనుక్కుని రండి. ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టే అనుకోవద్దు. చెప్పిన తేదీ దాటితే మీరే ఫోన్ చేసి అడగండి, రిపోర్టు కాపీ తీసుకుని దాచుకోండి.